ఆలస్యానికి కారణం కర్పూరం

మా ఆఫీసులో లీగల్ సెక్షన్ మేడమీద చిట్టచివరి గది. దాని పక్కన విరిగిన కుర్చీలు పడేసే గది. ఎవరినైనా మా సెక్షన్‌కి బదిలీ చేస్తే మొదటి వారం మొహం వేలాడేసుకుని కూర్చునేవాళ్లు. ఎరువుల సెక్షన్‌లో ఉంటే డీలర్లు వచ్చి నమస్కారాలు పెడతారు. మా గదికి వచ్చేవి కోర్టు నోటీసులు మాత్రమే. నేను మాత్రం అడిగి మరీ ఆ గదిలోకి వెళ్లాను, రిటైరయ్యేదాకా అక్కడినుంచి కదల్లేదు. నాకు ఆరాలు తీసే బుద్ధి ఎక్కువ. ఎవరింట్లో ఏం జరిగిందని అడిగితే మా వదిన తిట్టేది. అదే పని ఆఫీసులో చేస్తే జీతం ఇచ్చారు.

ఈమధ్య మా బంధువుల అమ్మాయి ఒకతె ఇలాంటి సెక్షన్‌లోనే చేరింది. "అత్తా, ఈడ ఏం పని ఉంటాదో ఎవ్వరూ చెప్పరు, నువ్వైనా చెప్పు" అంది. ఆమెకు చెప్పింది చెప్పినట్టు మిగతావాళ్లకూ పనికొస్తుందని రాస్తున్నాను. నా ప్రమోషన్లు, సీనియారిటీ గొడవలు ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

కౌంటర్ రాయడమంటే

మాది రైతులకు విత్తనాలూ ఎరువులూ అందించే ప్రభుత్వ సంస్థ. పేరు అవసరం లేదు. ఎవరైనా ఉద్యోగి సంస్థ మీద హైకోర్టుకు వెళితే, సంస్థ తరఫున జవాబు దాఖలు చేయాలి. దాన్నే కౌంటర్ అంటాం. కోర్టులో నిలబడి వాదించేది లాయరుగారే అయినా, ఏం జరిగిందో ఆయనకు తెలియదు. తెలుసుకుని రాసివ్వాల్సింది మనం.

క్రమశిక్షణ కేసుల్లో మాకు ఎక్కువగా వచ్చే వాదన ఒకటుంది. "ఎప్పుడో జరిగిందంటున్న తప్పుకు ఇప్పుడు ఛార్జిమెమో ఇచ్చారు, ఇన్నాళ్లూ ఏం చేశారు, కొట్టేయండి" అని. కోర్టు ఆలస్యమైందనే ఒక్క మాట మీద కేసు కొట్టేయదు. ఆరోపణ ఎంత తీవ్రమైనది, ఎందుకు ఆలస్యమైంది, ఎవరివల్ల, దానివల్ల ఆ ఉద్యోగికి నిజంగా నష్టం కలిగిందా అని చూస్తుంది. అంటే మనం కారణం చెబితే వింటుంది. మనవాళ్లు చెప్పరు. "పరిపాలనాపరమైన కారణాల వల్ల జాప్యం జరిగినది" అని రాసేస్తారు. నేను చేరిన కొత్తలో ఒక గోడౌన్ కేసు ఈ వాక్యం వల్లే పోయింది. అసలు కారణం ఏమిటంటే ఫైలున్న బీరువా తాళంచెవి ఒకాయన రిటైరవుతూ పొరపాటున ఇంటికి పట్టుకెళ్లాడు. బీరువా పగలగొట్టడానికి అనుమతి ఎవరివ్వాలో తేలక అందరూ ఊరుకున్నారు. అది రాసుంటే జడ్జిగారు చీవాట్లు పెట్టి వదిలేసేవారేమో. పరువు పోతుందని దాచారు, కేసే పోయింది.

"సామరస్యంగా పరిష్కారమైనది"

ఇప్పుడు అసలు కేసుకు వస్తాను. ఫిర్యాదు చేసిన అమ్మాయి పేరు బయటపెట్టకూడదని చట్టం. సుజాత అనుకుందాం. పత్తికొండ వైపు మా బ్రాంచి ఒకదానిలో జూనియర్ అసిస్టెంట్. ఆ బ్రాంచి మేనేజరు ఆమెకు ఆఫీసు పని వంకతో ఫోన్లో మెసేజీలు పెట్టేవాడు. స్టాకు చూపించమని గోడౌన్‌లోకి పిలిచి చేయి పట్టుకున్నాడు. ఆమె ఫిర్యాదు రాసిచ్చింది. ఇలాంటి ఫిర్యాదుల కోసం ప్రతి సంస్థలో ఒక కమిటీ ఉండాలి. మా కమిటీ బాగానే పనిచేసింది. ఇద్దరినీ విచారించి, మెసేజీలు చూసి, ఆరోపణ నిజమేనని తేల్చి నివేదిక ఇచ్చింది. దానిమీద రెండు నెలల్లో చర్య తీసుకోమని చట్టం.

నివేదిక మా రీజినల్ మేనేజరు ఓబులేసుగారి బల్ల మీదికి వెళ్లింది. అక్కడితో ఆగిపోయింది. ఆయన రిటైరయ్యేదాకా దానిమీద "పరిశీలనలో ఉన్నది" అనే మాట తప్ప ఇంకో అక్షరం పడలేదు. ఆయన స్థానంలో కృష్ణా జిల్లా నుంచి ఒక మేడమ్ వచ్చారు. ఆమె ఫైలు చదివి మేనేజరుకు ఛార్జిమెమో, బదిలీ ఉత్తర్వు ఒకేరోజు ఇచ్చారు. కానీ పైనుంచి ఎవరో సలహా చెబితే విని, గట్టిగా ఉంటుందనుకుని, కొత్తగా మళ్లీ విచారణ వేశారు. ఇదొక పెద్ద పొరపాటు, చాలా ఆఫీసుల్లో చేస్తారు. కమిటీ చేసిందే విచారణ. దాని నివేదికే విచారణ నివేదిక. మళ్లీ మొదలుపెట్టడమంటే ఆ అమ్మాయిని మళ్లీ నిలబెట్టి అడగడమే. నోటీసు అందుకుని సుజాత నాకు ఫోన్ చేసింది. "మళ్ల మొదటినుంచి అంతా చెప్పల్లనా మేడమ్? చెప్పింది సాల్లేదా?" అంది. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, మా మీదే.

ఈలోగా మేనేజరు హైకోర్టుకు వెళ్లాడు. ఇంత ఆలస్యంగా ఇచ్చిన ఛార్జిమెమో చెల్లదన్నాడు. పిటిషన్ తేలేదాకా యథాతథ స్థితి ఉండాలని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంటే బదిలీ ఆగింది, అతను అదే కుర్చీలో, సుజాత అతని కిందే. వాయిదా పడిన ప్రతిసారీ ఆ అమ్మాయికి అదే ఆఫీసు, అదే మనిషి. పిటిషన్ నెగ్గిందంటే ఫిర్యాదు పూర్తిగా చచ్చిపోయినట్టే, అతను రిటైరయ్యేదాకా ఆమె పైన ఉండొచ్చు.

పిటిషన్ చదువుతుంటే ఒక వాక్యం దగ్గర నా కళ్లు ఆగాయి. "సదరు విషయము పెద్దల సమక్షమున సామరస్యంగా పరిష్కారమైనది." రాజీ చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఫిర్యాదు చేసిన స్త్రీ తనంతట తాను కోరితేనే, అదీ విచారణకు ముందే. మా ఫైల్లో అలాంటి కోరిక ఎక్కడా లేదు. మరి ఏ పెద్దలు? ఏ పరిష్కారం? నా ఆరా బుద్ధి లేచి కూర్చుంది.

బ్రాంచికి ఫోన్ చేసి స్టోర్‌కీపర్‌ని అడిగాను. అతను ఏ సంకోచమూ లేకుండా చెప్పాడు.

"మీకు తెలీదా మేడమ్? మేనేజరు సారు ఆంజనేయస్వామి గుళ్లో కర్పూరం ఆర్పినాడు కదా. ఓబులేసు సారే దగ్గరుండి ఆర్పిచ్చినాడు. శానామంది పోయింటిమి."

మా సీమ ఊళ్లలో ఇది మామూలే. ఎవరిమీదైనా నింద పడితే దేవుడి ముందు కర్పూరం వెలిగించి, ప్రమాణం చెప్పి, మండుతున్న మంటను అరచేత్తో కొట్టి ఆర్పుతారు. అబద్ధమాడి ఆర్పితే ఏడాది తిరగకుండా ఇంట్లో అరిష్టం జరుగుతుందని నమ్మకం. పొలం గట్ల తగాదాలు, దొంగతనాలు ఎన్నో అలా తెగిపోవడం చిన్నప్పుడు నేనూ చూశాను. ఆర్పాడంటే ఇక ఎవరూ మాట్లాడరు.

ఈ సంగతి కొత్త మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి నన్ను చూశారు. "అదేంటండీ, ఆయన కర్పూరం ఆర్పితే ఆఫీసులో ఫైలెందుకు ఆగిందీ?" అన్నారు. నవ్వొచ్చింది కానీ, అదే సరైన ప్రశ్న. ఇక్కడ పుట్టి పెరిగిన మేమెవరమూ ఆ ప్రశ్న అడగలేదు. ఫైలు ఆగడం మాకు సహజంగానే అనిపించింది.

కడపలో కారం దోసె

ఓబులేసుగారు కడపలో స్థిరపడ్డారు. ఫోన్లో అడిగే విషయం కాదని బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన చెడ్డ మనిషి కాదు. అటెండరు భార్యకు ఆపరేషనంటే ఆసుపత్రిలో తెల్లారేదాకా కూర్చున్న మనిషి. ఆఫీసులో ఇద్దరు పోట్లాడుకుంటే మూడో రోజుకు ఒకే బల్ల మీద అన్నం తినిపించేవారు. నా పై అధికారులందరిలో ఆయనంటే నాకు ఎక్కువ ఇష్టం. అలాంటాయన చేసిన పని వల్ల ఒక ఆడపిల్ల ఇంకా నలుగుతోందంటే ఎలా జరిగిందో తెలుసుకోవాలనిపించింది.

ఇంటికి వెళ్లగానే ఆయన భార్య కారం దోసె పెట్టింది. తింటుండగానే అడిగేశాను.

"సార్, కమిటీ నివేదిక చదివి కూడా గుడికి ఎందుకు పోయినారు?"

"నేను సదవలేదమ్మా" అన్నారు ఆయన.

దోసె ముక్క నోటి దగ్గరే ఆగింది.

"ఆడబిడ్డ మానానికి సంబంధించింది. అట్లాంటివి నేను సదవకూడదనుకున్న్యా. కవరు అంటించి బీరువాలో పెట్టినా. ఎవరి కంటా పడకూడదని."

ఆయన నిజంగా మర్యాద అనుకునే చేశారు. మీరు ఉద్యోగంలో ఇది తప్పకుండా చూస్తారు. మంచివాళ్లు సిగ్గుపడి చదవరు, చెడ్డవాళ్లు కావాలని చదవరు. ఫిర్యాదు చేసినామెకు రెండూ ఒకటే. ఇలాంటి ఫైలు మీ దగ్గరికి వస్తే సిగ్గు పక్కన పెట్టి ప్రతి పేజీ చదవండి. ఆమె సిగ్గు చంపుకుని రాసింది కదా.

"సరే సార్. గుళ్లో ఆయప్ప, ఆ మేనేజరు, ఏమని ప్రమాణం చేసినాడు?"

స్టోర్‌కీపర్ని అడిగినా, మిగతావాళ్లను అడిగినా అందరికీ మంట గుర్తుంది, చెయ్యి గుర్తుంది, అన్న మాట మాత్రం ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఓబులేసుగారికి గుర్తుంది.

"'ఆ పాప మీద నాకు చెడ్డబుద్ధి లేదు సామీ' అన్న్యాడు."

"చెయ్యి పట్టుకోలేదు అన్నాడా?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"మెసేజీలు పెట్టలేదు అని?"

"అదీ అనలేదు."

"మరి మీరు అడగలేదా సార్, అది కదా ఫిర్యాదు?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"ఆ మాట నేనే చెప్పిచ్చినా. 'చెడ్డబుద్ధి లేదను, సాలు' అన్న్యా. చెయ్యి పట్టుకోలేదని ఆర్పమంటే... ఆర్పడేమో అనిపిచ్చింది. గుడి మెట్ల కాడ ఆయప్ప మొగం సూసినా. కమిటీ ముందర ఏమన్నా అనొచ్చు. సామి ముందర అబద్ధం ఆడేంత ధైర్యం ఆయప్పకు లేదు."

అంటే ఆయనకు తెలుసు. నివేదిక చదవకపోయినా, మేనేజరు మొహం చూసి తెలుసుకున్నారు. తెలుసుకుని, అతను ఆర్పగలిగే మాట ఒకటి వెతికి ఇచ్చారు. అతని ఇల్లు చెడకూడదు, దేవుడికి అపచారం జరగకూడదు, ఆఫీసు పరువు పోకూడదు. ఈ ముగ్గురికీ సరిపడే మాట దొరికింది. సుజాతకు సరిపడే మాట గురించి ఎవరూ వెతకలేదు. ఇలాంటి ఫిర్యాదులో చూడాల్సింది అవతలివాడి బుద్ధి మంచిదా చెడ్డదా అని కాదు. అతను చేసిన పని ఆమెకు ఇష్టం లేనిదా కాదా అని. అలా చూస్తే మేనేజరు గుళ్లో నేరం కాదనలేదు సరికదా, కాదనలేకపోయాడు.

"ఆ పొద్దు సుజాతను పిలిచినారా సార్?"

"లేదమ్మా. అందరమూ పోతే బ్రాంచి కౌంటర్లో ఎవరు ఉండల్ల? ఆ పాపను ఆఫీసు సూసుకోమని చెప్పి పోయినాము." అని చెప్పి, "నువ్వు అడిగిందాక పిలవల్లని తోచనే లేదు నాకు" అన్నారు.

నేను వచ్చిన పని చెప్పాను. ఈ ఆలస్యం ఎందుకు జరిగిందో ఆయన కోర్టుకు ప్రమాణపత్రం ఇస్తే సుజాత ఫిర్యాదు బతుకుతుంది, ఇవ్వకపోతే మేం మళ్లీ పరిపాలనాపరమైన కారణాలని రాసుకోవాలి.

"నేను చెప్పిచ్చిన మాట కూడా రాస్తావా?"

"రాయల్ల సార్."

ఆయన లేచి వెళ్లి చాలాసేపు పెరట్లో నిలబడ్డారు. ఆయన భార్య వచ్చి, "ఏమైందమ్మా, ఆయన మొగం అట్లుండాది?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక దోసె బాగుందన్నాను. ఆయన తిరిగొచ్చి కూర్చుని, "రాయి. అందరూ నన్ను మంచోడనల్లని సూసుకున్న్యా గానీ ఆ పాపను సూసుకోలేదు" అన్నారు. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఆ రెండూ ఇప్పటికీ పోలేదు.

దేవుడు ఫిర్యాదుదారు కాదు

హైకోర్టులో మా సంస్థ లాయరుగారు డ్రాఫ్టు చదివి తల పట్టుకున్నారు. "కర్పూరం అని కౌంటర్లో రాస్తామా మేడమ్? కోర్టులో నవ్వుతారు."

"నవ్వనీండి సార్. పరిపాలనాపరమైన కారణాలంటే ఎవ్వరూ నవ్వరు. కేసు పోతుంది."

ఆయన ఇంకా నసుగుతుంటే మా కొత్త మేడమ్ ఫోన్లో, "జరిగింది అదేగా, అదే రాయండి" అన్నారు. రెండో విచారణ వేయడం తన పొరపాటేనని కూడా అందులో రాయించారు. పై అధికారి తన తప్పు తానే కౌంటర్లో రాయించడం నా సర్వీసులో అదొక్కసారే చూశాను.

విచారణ రోజు నేనూ వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. మాటలన్నీ ఇంగ్లిషులోనే జరిగాయి, నాకు అర్థమైనట్టు చెబుతున్నాను. మేనేజరు తరఫు లాయరు ఆలస్యం గురించి చాలాసేపు మాట్లాడాడు. తన క్లయింటు నలిగిపోయాడన్నాడు, సాక్షులు రిటైరయ్యారన్నాడు, విషయం అప్పుడే సామరస్యంగా ముగిసిందన్నాడు.

న్యాయమూర్తి మా కౌంటర్లో ఒక పేజీ దగ్గర ఆగారు. నిజమే, పెదవుల మీద నవ్వు కనబడింది. అది వెంటనే పోయింది.

"సామరస్యం అంటున్నారు. ఎవరికీ ఎవరికీ మధ్య?"

"పెద్దల సమక్షంలో, దేవుడి ఎదుట..."

"ఆ సమయానికి ఫిర్యాదు చేసినామె ఎక్కడుంది?"

లాయరు కాగితాలు తిరగేశాడు. మా లాయరుగారు లేచి, ఆమె ఆఫీసులో పని చూసుకుంటోందని చెప్పారు.

"దేవుడు ఈ కేసులో ఫిర్యాదుదారు కాదు కదా" అన్నారు న్యాయమూర్తి. కోర్టు హాల్లో ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఈ ఆలస్యం వల్ల మీ క్లయింటు ఏం పోగొట్టుకున్నాడో చెప్పండి. కుర్చీ పోయిందా, జీతం పోయిందా? ఆలస్యం జరిగినన్నాళ్లూ దాని నీడలో కూర్చుని, ఇప్పుడు ఆలస్యమైందని వచ్చారు."

పిటిషన్ కొట్టేశారు. ఆలస్యంలో ఫిర్యాదుదారు తప్పేమీ లేదు కాబట్టి దాని భారం ఆమె మీద పడకూడదన్నారు. రెండో విచారణ అక్కర్లేదు, కమిటీ నివేదికనే విచారణ నివేదికగా తీసుకుని, మేనేజరు వివరణ విని, గడువులోగా ముగించమన్నారు. మా సంస్థకు కూడా గట్టిగానే తగిలించారు. తగలాల్సిందే. యథాతథ స్థితి ఉత్తర్వు ఆ పూటతో పోయింది. తర్వాత ఆ మేనేజరుకు శిక్ష కూడా పడింది.

బయటికి వచ్చాక మెట్ల మీద మా లాయరుగారు, "కర్పూరం పనిచేసింది మేడమ్" అన్నారు. పనిచేసింది నిజం చెప్పడమే. మన దగ్గర అది ఎంత అరుదంటే, కోర్టు కూడా ఆశ్చర్యపడి ఆగి చదివింది.

బ్రాంచిలో

మేనేజరును బదిలీ మీద రిలీవ్ చేసే ఉత్తర్వు తపాలాలో పంపొచ్చు. నేనే తీసుకెళ్లాను, చూడకుండా ఉండలేక. వేరుశనగ విత్తనాలు ఇచ్చే రోజులు. బ్రాంచి ముందు రైతులు పాస్‌పుస్తకాలు పట్టుకుని బారులు తీరి ఉన్నారు. మేనేజరు ఉత్తర్వు తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు. సుజాత కౌంటర్లో ఒక ముసలాయన వేలిముద్ర పడక తంటాలు పడుతోంది. "ఇంగొక్క సారి ఒత్తు తాతా, తడి లేకుండా తుడుచుకోని" అంటోంది. తలెత్తి చూసింది, అతను వెళ్లడం చూసింది, మళ్లీ ముసలాయన వేలు పట్టుకుంది.

రద్దీ తగ్గాక ఆమె పక్కన కూర్చుని కోర్టులో ఏం జరిగిందో మొత్తం చెప్పాను. తీర్పు చదివి వినిపించమంటుందని, ఏడుస్తుందని, కనీసం నవ్వుతుందని అనుకున్నాను. ఆమె అంతా విని, "అయితే ఇంగ ఈడ సెలవు ఎవరు ఇస్తారు మేడమ్?" అంది.

"ఇన్‌ఛార్జి. మీ సీనియర్ అసిస్టెంటే."

ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని అక్కడికక్కడే మర్నాటికి సెలవు చీటీ రాసింది. సీనియర్ అసిస్టెంట్ ఆ కాగితం అందుకుని, చదివి, నావైపు తిరిగాడు. ఆయన చెబితే నాకు తెలిసింది. ఫిర్యాదు ఇచ్చిన రోజునుంచీ ఆమె ఒక్క సెలవూ పెట్టలేదు. సెలవు కావాలంటే మేనేజరు గదిలోకి వెళ్లి అతని బల్ల ముందు నిలబడి అడగాలి. అడగలేదు. జ్వరంతో వచ్చింది. సొంత చెల్లెలి పెళ్లినాడు తలంబ్రాలు చూసి అక్షింతలు దులుపుకుని ఆఫీసు తెరిచే వేళకు వచ్చింది. అన్నాళ్లూ మేం కాగితాల మీద జాప్యం అని రాసుకున్నది ఆమెకు అది.

"ఎక్కడికైనా పోతున్నావా తల్లీ?" అని అడిగాను.

"యాడికీ పోను మేడమ్" అంది సుజాత. "రేపు పొద్దెక్కిందాకా పండుకుంటా."